తేదీ లేని ధర

డీబీఎంఎస్ పరీక్షలో నార్మలైజేషన్ లెక్క దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది. ఆర్ అనే ఒక రిలేషన్, అందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గడులు. ఏ నుంచి బీకి ఒక బాణం, బీ నుంచి సీకి ఇంకో బాణం. వీటినే ఫంక్షనల్ డిపెండెన్సీలు అంటారు. ఎడమవైపుది తెలిస్తే కుడివైపుది ఒక్కటే అయి తీరాలి, రెండో విలువకు చోటు లేదు. ఈ బాణాలు పట్టుకుని క్లోజర్ కట్టాలి, క్యాండిడేట్ కీ తేల్చాలి, పట్టికను విడగొట్టి మూడో నార్మల్ ఫామ్‌కో బీసీఎన్ఎఫ్‌కో తీసుకురావాలి. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఈ లెక్క నాకు కొట్టినపిండి. పరీక్ష ముందురోజు హాస్టల్లో స్నేహితులు నా నోట్సే జిరాక్సు తీయించుకునేవారు. మార్కులూ బాగానే వచ్చాయి. ఆ బాణాలు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం ఎన్నడూ అడగలేదు. ప్రశ్నపత్రమే వాటిని ఇచ్చేది కనుక అడగాలన్న ఆలోచనే రాలేదు.

అలా అడగకపోవడం వల్ల, పల్నాడులో మా మేనమామ దగ్గర ఖాతా ఉన్న రైతుల బాకీలు ఒక ఉదయం ఉన్నట్టుండి పెరిగిపోయాయి. వాళ్ళు కొత్తగా ఏమీ కొనలేదు. తప్పు పూర్తిగా నాది.

మావయ్యది ఎరువులు, పురుగుమందుల దుకాణం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మిరప, పత్తి వేసేవే. తొలకరి పడ్డప్పటి నుంచి కాయ కోతకు వచ్చేదాకా సరుకు చాలావరకు అరువు మీదే వెళ్తుంది. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు అమ్ముడై చేతిలో డబ్బు పడ్డాకే లెక్క తీరుతుంది. ఎరువు బస్తా ఇవ్వాలంటే ఇప్పుడు ఈ-పాస్ మిషను మీద రైతు వేలిముద్ర పడాలి. ఆ మిషనుకు బస్తా ఎవరికి వెళ్ళిందో తెలుసు గాని, దాని డబ్బు ముట్టిందో లేదో తెలియదు. అది మావయ్య పుస్తకాల్లోనే ఉంటుంది. పగలు జరిగింది జరిగినట్టు చిట్టాలో రాస్తాడు: తేదీ, మనిషి, సరుకు, ఎన్ని, ఏ ధరకు, మొత్తం ఎంత. రాత్రి కొట్టు కట్టేముందు చిట్టాలోవి ఒక్కొక్కరి పేజీ తీసి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. అంకె తప్పు పడితే చెరపడు. పాతది చదవడానికి వీలుగా ఒక గీత కొట్టి, సరైనది కింద రాసి, పక్కన పొడి సంతకం పెడతాడు.

2021లో కాలేజీకి సెలవులు వచ్చినప్పుడు ఈ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని నేనే వెంటపడ్డాను. చిట్టా తెరిచి చూస్తే నా కళ్ళకు కనబడిందల్లా రిడండెన్సీ. డీఏపీ 1,200, డీఏపీ 1,200, డీఏపీ 1,200 అని పేజీ నిండా అదే అంకె. ఒకే సంగతిని ఇన్నిచోట్ల రాస్తే రేపు ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతాం, దీన్నే అప్‌డేట్ అనామలీ అంటారని పుస్తకంలో చదివి ఉన్నాను. కాబట్టి రైతులకు ఒక పట్టిక, సరుకులకు ఒకటి, అమ్మకాలకు ఒకటి, చెల్లింపులకు ఒకటి వేశాను. ధరను అమ్మకాల్లోంచి తీసేసి సరుకుల పట్టికలో పెట్టాను. అమ్మకంలో తేదీ, రైతు, సరుకు, సంఖ్య ఉంటే చాలనుకున్నాను. బాకీ కావాలంటే ఆ సంఖ్యను సరుకు ధరతో జాయిన్ చేసి హెచ్చవేసి, చెల్లింపులు తీసేస్తే సరిపోతుంది. పట్టికలు చూడముచ్చటగా వచ్చాయి. ఎక్కడా ఒక్క అంకె రెండోసారి లేదు.

మావయ్య తెర మీదికి వంగి చూసి ఒకే మాట అడిగాడు. "అమ్మినచోట ధర పడలేదేందిరా?"

"పడక్కర్లేదు మావయ్యా, సరుకు పేరు కొడితే ధర అదే వచ్చి కలుస్తుంది."

చదువుకుంటున్న పిల్లాడు చెబుతున్నాడు కదా అని ఆయన ఇంకేమీ అనలేదు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ధర అమ్మినచోటే ఎందుకు ఉండాలనుకుంటున్నావని తిరిగి అడిగి ఉంటే, నా కోర్సులో ఎవరూ చెప్పని పాఠం ఆ పూటే దొరికేది. ఆగకపోగా, చిట్టా రాయడం కూడా మానెయ్యమన్నాను. రెండుచోట్ల రాస్తే లెక్కలు తేడా వస్తాయని ఆయనకు నచ్చజెప్పాను. నలభై ఏళ్ళ అలవాటును ఆయన నా మాట మీద వదులుకున్నాడు. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది ఇదే. పట్టిక తప్పు వేయడం కంటే, తప్పును పట్టుకోగల పుస్తకాన్ని పక్కన పెట్టించడం పెద్ద తప్పు.

ఆ ఏడాది మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు ఎన్ని మందులు కొట్టినా పూత నిలవక తోటలు దున్నేసిన సంవత్సరం అది. మావయ్య ఖాతాల్లో చాలా బాకీలు తీరకుండా తర్వాతి ఏడాదికి మళ్ళాయి. 2022 ఖరీఫ్ నాటికి 50 కిలోల డీఏపీ బస్తా 1,350 అయింది. దుకాణంలో కుర్రాడు సరుకుల పట్టిక తెరిచి 1,200 తీసి 1,350 కొట్టాడు. అతను చేయాల్సిన పని అదే, అలా చేయమని నేర్పింది నేనే.

దాంతో, 1,200 చొప్పున తీసుకున్న ప్రతి బస్తా ప్రతి ఖాతాలోనూ 1,350 అయిపోయింది. పది బస్తాలు అరువు తెచ్చుకుని, తోట పోగొట్టుకున్న మనిషి లెక్క 12,000 నుంచి 13,500కు చేరింది. అంతకు ముందే పైసాతో సహా తీర్చేసిన వాళ్ళకు కూడా బాకీ తేలింది. బాకీ అన్నది నా ప్రోగ్రాములో ఎక్కడా నిలిచి ఉండే అంకె కాదు, అడిగినప్పుడల్లా కొత్తగా కట్టే లెక్క. ఒక పెద్దాయన కౌంటరు ముందు నిలబడి, "పోయిన నెల చెప్పిన బాకీ ఇది కాదు గదయ్యా" అన్నాడు. మావయ్య ఆయన ముందు తలెత్తలేకపోయాడని అత్తయ్య నాకు ఫోనులో చెప్పింది.

డీఏపీని సరిచేయడం తేలికే, పాత ధర అందరికీ తెలిసినదే. పురుగుమందులతో వచ్చింది అసలు చిక్కు. ఆ పురుగు కాలంలో మందుల ధరలు నెలలోనే మారాయి, మారిన ప్రతిసారీ పాత అంకె మీద కొత్తది పడింది. పాతది ఇక ఎక్కడా లేదు. డేటాబేస్‌లో అప్‌డేట్ కొట్టి కమిట్ చేశాక పట్టిక పాత విలువను గుర్తుపెట్టుకోదు. చిట్టా ఉంటే చూసుకునేవాళ్ళం. నేనే మాన్పించాను. చివరికి రైతుల్ని సరుకుతో ఇచ్చిన చీటీలు తెమ్మని బతిమాలాం. ఇంట్లో దేవుడి పటం వెనక దాచినవి కొందరు తెచ్చారు. చీటీ పోయిన వాళ్ళు ఎంత చెబితే అంత రాయమన్నాడు మావయ్య. వాళ్ళలో ఎవరూ తక్కువ చెప్పలేదనే ఆయన నమ్మకం. నా నమ్మకమూ అదే.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి పుస్తకం మళ్ళీ ముందేసుకున్నాను. నార్మలైజేషన్ తప్పేమీ చేయలేదు. నేను గీసిన బాణం తప్పు. సరుకు తెలిస్తే ధర ఒక్కటే అని గీశాను. ప్రోగ్రాము రాసిన వారంలో చిట్టా చూస్తే అది నిజంలాగే కనిపించింది, ఎందుకంటే ఆ పేజీల్లో ఏ సరుకుకూ రెండో ధర పడలేదు. ఉన్న వరుసలు చూసి ఒక డిపెండెన్సీ అబద్ధమని తేల్చవచ్చు. నిజమని తేల్చడానికి మాత్రం ఎన్ని వరుసలు చూసినా చాలదు. అది లోకం ఎలా నడుస్తుందో చెప్పే మాట. రేపు రాబోయే వరుసలకు కూడా అది వర్తించాలి. ఆ సంగతి తెలిసిన మనిషిని అడిగి రాయవలసిందే. మా సిలబస్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ సూత్రాలు ఉన్నాయి, ఒక బాణం నుంచి ఇంకో బాణం ఎలా పుడుతుందో చెప్పేవి. మొదటి బాణం ఎలా పుడుతుందో చెప్పే అధ్యాయం లేదు. పిల్లల్ని కనీసం ఒక కిరాణా కొట్టుకు వెళ్ళి, ఐదు ప్రశ్నలు అడిగి, ఐదు డిపెండెన్సీలు రాసుకు రమ్మనే ల్యాబ్ ఒకటి ఉంటే బాగుండునని గట్టిగా అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఎడ్గర్ కాడ్ వ్యాసం మూలంలో చదివాను. పరీక్షకు ఆయన పేరు రాసేవాణ్ణి, సంవత్సరం రాసేవాణ్ణి. 1970 జూన్, కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రిక. ఐబీఎం శాన్‌హోసే పరిశోధనశాలలో పనిచేస్తూ రాసిన ఆ వ్యాసం నుంచే రిలేషనల్ డేటాబేస్‌లన్నీ వచ్చాయి. నార్మలైజేషన్ అంటే ఏమిటో చెప్పడానికి ఆయన అందులో ఎత్తుకున్న ఉదాహరణ చూసి నిర్ఘాంతపోయాను. ఒక ఉద్యోగి, అతను చేసిన ఉద్యోగాల చరిత్ర, జీతాల చరిత్ర, పిల్లలు. విడగొట్టాక జీతాల పట్టికలో ఉద్యోగి సంఖ్య, ఆ ఉద్యోగం తేదీ, జీతం తేదీ, జీతం ఉంటాయి. జీతానికి కీలోనే తేదీ ఉంది. నార్మలైజేషన్ గురించి లోకానికి చెప్పిన మొట్టమొదటి ఉదాహరణే కాలంతో మారే విలువ గురించి! మేము మాత్రం ల్యాబ్‌లో ఒరాకిల్ వాళ్ళ ఎంప్ పట్టిక మీద నేర్చుకున్నాం. స్మిత్ జీతం 800, కింగ్ జీతం 5,000, ఒక్కొక్కరికి ఒక్కటే జీతం గడి. అందరికీ పది శాతం పెంచమని ప్రశ్న వస్తే ఒక్క అప్‌డేట్‌తో పెంచేసి రికార్డులో రాసుకునేవాళ్ళం. నిన్నటి జీతం ఏమైందని మేమూ అడగలేదు, ఎవరూ మమ్మల్ని అడగలేదు. ఆ చిన్న పట్టిక నేర్చుకోవడానికి మంచిదే. కానీ నా చేతికి అది నేర్పిన అలవాటు మావయ్య కొట్టుదాకా వచ్చింది.

ఇంకో వ్యాసం జిమ్ గ్రే 1981లో ట్రాన్సాక్షన్ల మీద రాసినది. 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ఉన్న విలువ మీదే కొత్త విలువ రాసేయడం విషం కావచ్చని అందులో ఆయన హెచ్చరిస్తాడు. అందుకు సాక్ష్యంగా తెచ్చింది పద్దులు రాసేవాళ్ళనే. మంచి లెక్కల మనిషి పుస్తకంలో రాసింది మార్చడని, తప్పు జరిగితే అది కనబడేట్టే ఉంచి, సరిదిద్దే పద్దు కొత్తగా రాస్తాడని చెబుతాడు. అది చదువుతుంటే మావయ్య కొట్టిన గీత, దాని పక్కన పొడి సంతకం కళ్ళముందు కదిలాయి. డేటాబేస్ యంత్రం లోపల కూడా జరిగేది ఇదే. పట్టికలో మార్పు డిస్కు మీదికి వెళ్ళేలోపే ఆ మార్పు తాలూకు పద్దు లాగ్‌లోకి వెళ్ళాలి. కరెంటు పోయి మిషను ఆగిపోతే, తిరిగి లేచాక ఆ లాగ్ చదివే పట్టికలను సరిచేసుకుంటుంది. ముందు చిట్టా, తర్వాత ఆవర్జా. రైట్ అహెడ్ లాగింగ్ మీద పది మార్కుల జవాబు రాసిన నేను, మావయ్య రోజూ రాత్రి చేసే పనిని అనవసరమని ఆపించాను.

ప్రోగ్రాము మళ్ళీ రాయడానికి కూర్చున్నప్పుడు సరుకు, తేదీ రెండూ కలిస్తే ధర తేలుతుందని మొదట అనుకున్నాను. ఈసారి గీసే ముందు అడిగాను. మావయ్య నవ్వకుండా, విసుక్కోకుండా చెప్పాడు. పురుగుమందుకు నగదుకొక ధర, అరువుకొక ధర. పెట్టె మొత్తం తీసుకుంటే ఇంకొకటి. ఒకే రోజు ఒకే మందు మూడు ధరలకు వెళ్ళిన రోజులున్నాయి. అంటే ధర సరుకుదీ కాదు, రోజుదీ కాదు. ఆ బేరానిది. అందుకే చిట్టాలో అది అమ్మకం వరుసలోనే ఉంటుంది. పేజీ నిండా నేను చూసిన 1,200లు ఒకే సంగతిని తిరగరాసినవి కావు, ఒక్కొక్కటి ఒక్కో మనిషితో కుదిరిన మాట. ఇప్పుడు బిల్లు సంఖ్య, అందులో వరుస సంఖ్య కలిస్తే ధర తేలుతుంది. సరుకుల పట్టికలో ఉన్నది ఈరోజు అడిగే ధర మాత్రమే, బిల్లు పడే క్షణాన అది వరుసలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అమ్మకాల మీద అప్‌డేట్, డిలీట్ చేసే హక్కు దుకాణంలో ఎవరికీ లేదు, నాక్కూడా లేదు. తప్పు పడితే ఎదురు పద్దు వేయాలి. మావయ్య చిట్టా మళ్ళీ మొదలుపెట్టాడు. రాత్రి రెండూ సరిచూసుకుంటారు.

వడ్డీ దగ్గర మళ్ళీ ఆగాను. నూటికి నెలకు రూపాయిన్నర అని పాత ప్రోగ్రాములో పెట్టేశాను. ఈసారి ఎవరికి ఎంత అని అడిగితే, తోట పోయిన వాళ్ళకు ఆ ఏడాది వేయనన్నాడు. మిగతా వాళ్ళకు కాయ ఏ రేటుకు పోయిందో చూసి చెబుతానన్నాడు. దీనికి నేను గీయగల బాణం లేదు. ఆ గడిని నల్‌గా వదిలాను. వడ్డీ మాఫీ చేసిన ఖాతాలో సున్నా ఉంటుంది, ఇంకా తేలని ఖాతాలో నల్ ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో మొత్తం కూడేటప్పుడు నల్ ఉన్న వరుసలు చప్పుడు లేకుండా పక్కకు పోతాయి కాబట్టి, ముగింపు లెక్క తీసే ముందు వాటిని వేరే జాబితాగా అచ్చు వేయిస్తున్నాను. మావయ్య ఆ కాగితం మీద ఒక్కో పేరు ఎదురుగా పెన్నుతో అంకె వేసి ఇచ్చాకే కుర్రాడు దాన్ని లోపల కొడతాడు.