పద్నాలుగు మాటల దాకా మాఫీ

దొంగతనానికి రేటు కార్డు అచ్చేసిన ఘనత మన యూజీసీది. 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నియమాల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోగా దిద్ది తెమ్మంటారు. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాది పాటు దిద్దిన ప్రతి ఇవ్వడానికి లేదు. అరవై కూడా దాటిన మొనగాడికి రిజిస్ట్రేషన్ రద్దు. కృష్ణగిరి మండీలో వంద కాయల బెంగళూరా మామిడి బుట్టలో పది కుళ్లినవి పెట్టి "పది దాకా మాఫీ అన్నా" అంటే, కొనేవాడు బుట్టెత్తి నెత్తిన కుమ్మరిస్తాడు. మండీలో చెల్లని బేరం సైన్సులో చెల్లుతుంది. చదువుకున్నవాళ్ల ఉదారబుద్ధి అదీ!

మా బంధువుల కుర్రాడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, వాడింకా వైవా గట్టెక్కాలి. అంశం: కృష్ణగిరి జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్. మా జిల్లాలో బోరు వేస్తే నీళ్లు పడకపోవచ్చు గానీ థీసిస్ వేస్తే ఫ్లోరైడ్ పడి తీరుతుంది. కింద ఉన్న రాయే అట్లాంటిది. ఆ రాయి ఖనిజాల్లోని ఫ్లోరైడే ఏళ్ల తరబడి నీళ్లలోకి కరుగుతూ వస్తుంది.

వాడు మొదటి అధ్యాయం మొదటి వాక్యం రాశాడు: తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్లకూ ఎముకలకూ చేటు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ ఆ వాక్యాన్ని ఎర్రగా అలికి పెట్టింది. ఎందుకంటే వాడికి ముందు రాసినవాళ్లంతా అదే రాశారు. అదే ఎందుకు రాశారంటే, అది నిజం కాబట్టి. అందరికీ తెలిసిన సంగతి అయితే వరసగా పద్నాలుగు మాటల దాకా లెక్కలోకి తీసుకోవద్దని ఆ నియమాల్లోనే ఉంది. మావాడి ఇంగ్లీషు వాక్యంలో పదహారు మాటలున్నాయి. రెండు మాటలు ఎక్కువైనందుకు నిజం కాస్తా దొంగసొత్తయింది.

"మాటలు మార్చుకుని రా" అన్నాడు గైడు. మార్చుకొచ్చాడు. ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పుకుంటే, నీళ్లు 'ద్రవరూప ప్రాణాధారం' అయ్యాయి. పళ్లు 'నమిలే పనిముట్లు', ఎముకలు 'దేహపు దూలాలు' అయ్యాయి. పోలిక ఏడు శాతానికి దిగింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ వాక్యం ఇప్పుడు వాడికే అర్థం కాదు. ఒరిజినాలిటీ అంటే అదే కాబోలు.

ఈ విద్యలో మావాడు ఒంటరి కాడు. 2021లో గియోమ్ కబనక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన పేపర్లను జల్లెడ పట్టి ఇట్లాంటి మాటలను ఏరారు, వాటికి 'చిత్రహింస పడ్డ పదబంధాలు' అని పేరు పెట్టారు. కృత్రిమ మేధ 'నకిలీ చైతన్యం' అయి కూర్చుంది. రొమ్ము క్యాన్సర్ 'ఎదకు ఆపద' అయింది. రోగం మారలేదు, మందు మారలేదు. దొంగ చొక్కా మార్చాడు, కాపలావాడు సెల్యూట్ కొట్టాడు.

అసలు చిక్కు ఇక్కడుంది. కవిత్వంలో ఇద్దరు ఒకే మాట రాస్తే ఒకడు దొంగ. సైన్సులో ఇద్దరు ఒకే బోరు నీళ్లు విడివిడిగా పరీక్ష చేసి ఒకే అంకె తేలిస్తే ఇద్దరూ దొరలు. పోలికే అక్కడ రుజువు. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి పేపరు అచ్చేసింది. అప్పుడు నెల్లూరూ మా హోసూరూ ఒకే ప్రెసిడెన్సీ. ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వాళ్లు చూసిన గార పళ్లే ఆ తర్వాత నల్లగొండలోనూ, మా ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లోనూ కనిపించాయి. ఆ పోలిక దొరకబట్టే అది శాస్త్రమైంది. పోలిక పది శాతం దాటిందని ఎవరూ ఆ పళ్లను వెనక్కి పంపలేదు.

మరి సున్నా శాతం పోలికతో వెలిగిపోయే థీసిస్ ఎట్లా రాయాలి? చాలా సులువు. బోరు దగ్గరికి పోవద్దు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని లేని బోరు నుంచి లేని సీసాలో లేని నీళ్లు పట్టుకురండి. 2.37 అని రాయండి, కింద 1.94 అని రాయండి. ఆ అంకెలు ప్రపంచంలో ఎవరి దగ్గరా ఉండవు, మీ బుర్రలో పుట్టాయి కదా! సాఫ్ట్‌వేర్ వాటిని చూసి చేతులు జోడిస్తుంది. దాని దృష్టిలో కల్పించినవాడే అందరికన్నా నిజాయితీపరుడు.

బోరు ఎక్కడుందని అడిగేవాళ్లు లేరా అంటే, మనుషులున్నారు, తీరిక లేదు. 2022 నియమాల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఎనిమిది మంది దాకా పీహెచ్‌డీ విద్యార్థులను పెట్టుకోవచ్చు. పాఠాలు, పరీక్షలు, నాక్ తనిఖీ ఫైళ్లు పోగా ఎనిమిది మంది సీసాల వెంట బర్గూరు, ఊతంగరై గుట్టలెక్కే ఓపిక ఎవరికుంటుంది? లైబ్రరీ వాళ్లు శాతం చూశారు. గైడు లైబ్రరీ సంతకం చూశాడు. హెడ్డు గైడు సంతకం చూశాడు. నీళ్లు చూసినవాడు లేడు.

సాఫ్ట్‌వేర్ లేకపోతే థీసిస్‌లకు థీసిస్‌లే దించేస్తారు కదా అంటారు. నిజమే, దించేవాళ్లు. తాళం మంచిదే. తలుపుకి తాళముంది కాబట్టి గాదెలో బియ్యమున్నాయనడమే తప్పు.

సర్కారు మాత్రం పోలికను నమ్మింది. పేపరు మీద పేపరు, పన్ను మీద పన్ను ఒకే మాట చెబితే, జపాన్ అప్పు తెచ్చి హొగెనకల్ నుంచి కావేరి నీళ్లను ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు మళ్లించింది. 2013లో ఆ పథకం మొదలైంది. పంపు రాని పూట మాత్రం బోరే దిక్కు.

మావాడు ఫ్యాను కింద కూర్చునే రకం కాదు, నిజంగానే సీసాలు పట్టుకుని తిరిగాడు. బర్గూరు వైపు ఒక ఊళ్లో బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న పెద్దామె అడిగిందట: "ఏం నాయనా, పోయినేడూ ఒకాయన వచ్చి పట్టుకుపోయినాడు. తాగొచ్చా, వద్దా?" వీడు రిపోర్టు వచ్చాక చెప్తానన్నాడు. రిపోర్టు వచ్చింది, థీసిస్‌లో నాలుగో పట్టికలో చేరింది. ఆమెకు చెప్పే పని మిగిలే ఉంది.

చెప్పాల్సింది మూడే మాటలు: ఈ నీళ్లు తాగొద్దమ్మా. పద్నాలుగుకి ఇంకా పదకొండు తక్కువ. ఎంతమంది కాపీ కొట్టినా యూజీసీ ఏమీ అనదు.