ఘోడా కాటుకు టీకా తాత్పర్యం

అవతారిక

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించగానే వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒకసారి రఘువంశం దొరికింది. తెలుగు లిపి, మల్లినాథుడి వ్యాఖ్య, అట్ట లేదు. 80 రూపాయలన్నాడు, 60కి బేరమాడి 70కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే రెండో సర్గలో ఒక చీటీ. తుపాకులు బాగుచేసే కొట్టుది. పేరున్న మేర చిరిగిపోయి "బిడ్స్" అన్న రెండక్షరాలు మిగిలాయి. నీలి సిరాతో ఇంతే రాసి ఉంది:

"ఘోడా కరుస్తున్నది. తోక పెంచాలె. కొమ్ము అరగదియ్యాలె. బేస్తవారం చెయ్యి పట్టుకొని రావాలె."

మల్లినాథుడిది మెదక్ దగ్గరి కోల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం

ఘోడా = ట్రిగ్గరు నొక్కగానే ముందుకు పడి సూదిని కొట్టే ఇనుప ముక్క, అనగా హ్యామరు; కరుస్తున్నది = బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న మెత్తని చర్మాన్ని పట్టుకుంటున్నది; తోక = పిడి పైభాగాన వెనక్కి పొడుచుకొచ్చిన కొస; పెంచాలె = పొడవూ వెడల్పూ రెండూ అని గ్రహించాలి; కొమ్ము = ఘోడా తలమీది మొన; అరగదియ్యాలె = ఆకురాయితో అని శేషం; బేస్తవారం = గురువారం, ఏ గురువారమన్నది చెప్పినవాడి దయ; చెయ్యి పట్టుకొని = దీనిమీద వివాదముంది, చివర చూడండి.

తాత్పర్యం

పిస్తోలు పేలినప్పుడల్లా పేల్చినవాడి చెయ్యి తెగుతోంది. చేతికి పైన తోకను అడ్డుపెట్టి, కొరికే మొనను తగ్గిస్తే బాధ తీరుతుంది.

శంక: గుర్రానికి కొమ్మెక్కడిది? ఇది కుందేటి కొమ్ము వంటి మాట కాదా?

సమాధానం: కాదు. ఉర్దూలో తుపాకీ హ్యామరును ఘోడా అంటారు. దాని తలమీది మొనకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు స్పర్. స్పర్ అంటే రౌతు మడమకు కట్టుకునే ముల్లు కూడా. అంటే ఇక్కడ ముల్లు గుర్రానికే మొలిచింది, పొడుస్తున్నది రౌతును.

ఈ శ్లేష చీటీ రాసిన మేస్త్రీ తెలిసి వేసింది కాకపోవచ్చుగానీ, చరిత్ర మాత్రం దానికి ఒప్పుకుంటుంది. జాన్ బ్రౌనింగ్ చేసిన కోల్ట్ పిస్తోలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకుంది; దాని పేరు కూడా 1911. దాన్ని వాడాల్సిన వాళ్లలో అశ్వికదళమూ ఉంది. రౌతుకు ఒక చెయ్యి కళ్లేనికే సరి. మిగిలిన ఒంటి చేత్తోనే పిస్తోలు తియ్యాలి, పేల్చాలి, గుర్రం దౌడు తీస్తుండగానే మళ్లీ భద్రంగా ఒరలో పెట్టాలి. బొటనవేలితో నొక్కే సేఫ్టీని 1910లో వాళ్లు అడిగే పెట్టించుకున్నారు. ఘోడాను వెనక్కి లాగడానికి బొటనవేలికి పట్టు దొరకాలి కనుక కొమ్ము వెడల్పుగా, పొడుగ్గా ఉంది. తోక మాత్రం పొట్టిది.

ఇక కాటు సంగతి. గుండు పేలగానే పిస్తోలు పైభాగాన జారే స్లైడు వెనక్కి వస్తుంది. వస్తూ ఘోడాను పడదోస్తుంది. ఆ ఊపులో ఘోడా తాను మామూలుగా నిలిచే చోటు దాటి ఇంకాస్త కిందికి వంగుతుంది. ఆ ఇంకాస్తలోనే మన చర్మం ఉంటుంది. కింది నుంచి తోక, పైనుంచి కొమ్ము, పోకచెక్క అడకత్తెరలో పడ్డట్టే. ఇందులో అన్యాయం ఏమిటంటే, పిడిని ఎంత పైకి పట్టుకుంటే పిస్తోలు అంత తక్కువ ఎగురుతుంది, గురి అంత కుదురుతుంది. కాటు కూడా అంత బాగా పడుతుంది. చేతకానివాణ్ణి వదిలి చేతనైనవాణ్ణి కరిచే జంతువిది.

తెలుగువాడికి వస్తువులు కరవడం వింతేమీ కాదు. కొత్త చెప్పు కరిస్తే కొబ్బరినూనె రాసి ఊరుకుంటాం. అమెరికా సైన్యం పదిహేనేళ్లు ఊరుకుని, 1926లో 1911ఏ1 అని కొత్త పేరు పెట్టి తోక పొడిగించింది, కొమ్ము కుదించింది. మన మేస్త్రీ చీటీలో రాసిందీ అదే చికిత్స, అదే వరస.

తర్వాతి కాలపు పనివాళ్లు అక్కడితో ఆగలేదు. చేతిమీద గొడుగు పట్టినట్టు పైకి లేచి వంగే వెడల్పాటి తోకను తగిలించారు. బీవరు అనే నీటిజంతువు తోకను పోలిందని దానికి బీవర్‌టెయిల్ అని పేరు. కొమ్ము తీసేసి గుండ్రటి ఉంగరం లాంటి తల పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చెప్పినంత తేలిక పని కాదిది. 1911 పిస్తోలులో తోక ఉన్నది గ్రిప్ సేఫ్టీకే. పిడిని గట్టిగా పట్టితే తప్ప ట్రిగ్గరును కదలనివ్వని కావలి అది. కొత్త తోక కూర్చోవాలంటే ఫ్రేము మూలల్ని గుండ్రంగా అరగదీయాలి. బిగువైతే సేఫ్టీ తిరిగి లేవదు, వదులైతే లొడలొడ, ఎక్కువ అరిగితే ఫ్రేమే పాడు. ఒక రకంగా టీక కూడా తోకే. మూలానికీ చదువరి చేతికీ మధ్య అది కూడా ఇలాగే కూర్చోవాలి. చాలా టీకలు లొడలొడలాడేవే, ఇది సహా.

శంక: ఈ పిస్తోలు 1911 అని ఏమిటి నిశ్చయం? ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎం.ఎం. 1ఏ ఎందుకు కాకూడదు?

ఈ పక్షానికీ బలముంది. మన పోలీసుల నడుముకు కనిపించే ఆ పిస్తోలు బ్రౌనింగ్ హై పవర్‌కు దేశీయ తోబుట్టువు. బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో లియేజ్ దగ్గర పోయాక, మిగిలిన పనిని దియుదొన్నే సేవ్ పూర్తిచేస్తే 1935లో హై పవర్ బయటికొచ్చింది. కరవడంలో అన్న 1911కు ఏమాత్రం తీసిపోదు. కానీ దాని తోక ఫ్రేములోనే భాగం, విప్పి మార్చేది కాదు. పైగా సర్కారీ ఆయుధం బజారు కొట్టుకు రాదు. కనుక ఈ పక్షం నిలవదు.

మరి 1911 పేల్చే .45 గుండు మాత్రం మామూలు పౌరుడికి నిషిద్ధం కాదా? నిషిద్ధమే. చీటీకి తేదీ లేదు. ఆయుధాల చట్టం 1959ది. చీటీ అంతకు ముందుదైతే ఆ చట్టంతో చిక్కు లేదు. తర్వాతిదైతే సమాధానం చెప్పాల్సినవాడు వ్యాఖ్యాత కాడు, నాంపల్లి క్రిమినల్ కోర్టులో నిలబడాల్సిన ముద్దాయి.

"బిడ్స్" = ఆబిడ్స్ అని పూరించాలి. ఆరో నిజాం కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ దుకాణం పెట్టడం వల్ల వచ్చిన పేరు. పక్కనే గన్‌ఫౌండ్రీ, తోప్ కా సాంచా. రేమండ్ అనే ఫ్రెంచివాడు 1795లో నిజాం ఫౌజుకు ఫిరంగులు పోతపోయించిన చోటు. అక్కణ్ణించి కాటు మీద ఫిర్యాదు వచ్చినట్టు ఎక్కడా చదవలేదు. ఫిరంగి కరిస్తే ఫిర్యాదు చెయ్యడానికి మనిషి మిగలాలి కదా.

ఇక "చెయ్యి పట్టుకొని". పాణిగ్రహణం ధ్వనిస్తోందని శృంగారప్రియులు అనవచ్చు. పట్టించుకోనక్కర్లేదు. తెలంగాణలో పట్టుకొని రావడమంటే వెంట తేవడం. చేతిని వెంట తెమ్మంటున్నాడు.

శంక: చెయ్యి లేకుండా కొట్టుకెవడొస్తాడు?

సమాధానం: నౌకరు వస్తాడు. లైసెన్సుదారు రాసిచ్చిన కాగితముంటే రిపేరు కోసం ఆయుధాన్ని మరొకరు మోసుకెళ్లవచ్చని ఆయుధాల చట్టం మూడో సెక్షనే ఒప్పుకుంటుంది. సాహెబు పిస్తోలును నౌకరుతో పంపిస్తాడు. మేస్త్రీ నౌకరు చేతికి కొలిచి తోక కూరుస్తాడు. ఆ బక్క చేతికి అది చక్కగా అమరుతుంది. మళ్లీ బేస్తవారానికల్లా సాహెబు చేతికి కట్టు. అలా ఒకటికి రెండుసార్లు మాటపడ్డ మేస్త్రీ రాసిన వాక్యమిది. కరిపించుకున్న చెయ్యే రావాలి.

చీటీ దొరికిన పుట మళ్లీ చూశాను. దిలీపుడు సింహాన్ని కొట్టబోయి అమ్ములపొదిలో చెయ్యి పెడితే వేళ్లు బాణానికి అతుక్కుపోయి, రాజు బొమ్మలా నిలిచిపోయే ఘట్టం. మల్లినాథుడు అక్కడ వైద్యమేమీ చెప్పలేదు.

ఇలాంటి కొట్లలో చీటీ ఇస్తేగాని సామాను ఇవ్వరు. చీటీ నా దగ్గరుంది.