ఎనభైల పాటలే పాటలండీ! – సటీకా తాత్పర్యం

అవతారిక. పెళ్లి భోజనాల్లో మూడో బంతి నడుస్తోంది. పెరుగు ఇంకా రాలేదు. పందిట్లో ఆర్కెస్ట్రా కుర్రాడు ఇళయరాజా పాట ఒకటి ఎత్తుకున్నాడు. అంతే, విస్తరి ముందు కూర్చున్న అరవై ఏళ్ల పెద్దమనిషి చెయ్యి సాంబారన్నం దగ్గర ఆగిపోయింది. పాట అయ్యేదాకా ముద్ద నోటికి పోలేదు. ఆ తర్వాత పక్క విస్తరి వైపు తిరిగి ఆయన సెలవిచ్చిన వాక్యమే ఈ వ్యాఖ్యకు మూలం.

మూలం. “ఎనభైల పాటలే పాటలండీ. ఇప్పుడివీ పాటలేనా?”

ఉన్నవి అయిదు పదాలు. అందులో మూడు పాటలే. గ్రంథం చిన్నది కదా అని తీసిపారేయకూడదు. తెలుగునాట ఏ పందిట్లోనైనా, ఏ రైలుపెట్టెలోనైనా ఇది అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. ఇంత ప్రచారంలో ఉండీ దీనికి ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమూ లేకపోవడం వాఙ్మయానికి లోటు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమ వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం. ఎనభైల = 1980 మొదలు 1989 వరకు గల సంవత్సరముల యొక్క. ఇది నిఘంటువు అర్థం. ప్రయోగం చూస్తే లెక్క తప్పుతుంది. సూత్రకారుణ్ణి, అంటే ఆ పెద్దమనిషిని, ఉదాహరణలు అడిగితే ఆయన ముందుగా చెప్పే ‘మరోచరిత్ర’ 1978 నాటిది. చివర చెప్పే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. కాబట్టి సూత్రకారుడి దశాబ్దానికి పదమూడేళ్లు. పంచాంగానికి అధికమాసాలున్నట్టే ఈ దశాబ్దానికి అధిక వత్సరాలు ఉన్నాయని సరిపెట్టుకోవాలి. తార్కికులు దీన్ని అతివ్యాప్తి దోషమంటారు. భోజనం దగ్గర తార్కికుల్ని ఎవరూ పిలవరు.

పాటలే = పాటలు మాత్రమే. ఇక్కడి ఏకారం అవధారణార్థకం. తక్కినవన్నీ గెంటేసి తలుపు గడియ వేయడం దాని పని. ఏ పాటలు లోపల ఉన్నాయని అడిగితే జాబితా దివ్యంగానే ఉంటుంది. ‘సాగరసంగమం’ ఇళయరాజాకు సంగీతానికీ, బాలసుబ్రహ్మణ్యానికి గానానికీ జాతీయ పురస్కారాలు తెచ్చింది. ‘సితార’ పాటకు జానకి అదే పురస్కారం అందుకున్నారు. ‘సిరివెన్నెల’ తన పాటలు రాసిన సీతారామశాస్త్రికి ఇంటిపేరే అయింది. ‘రుద్రవీణ’తో ఇళయరాజాకు మరో జాతీయ పురస్కారం వచ్చింది. ‘అన్వేషణ’, ‘అభినందన’, ‘గీతాంజలి’ సరేసరి. అయితే ఆ పదేళ్లలో వందల తెలుగు సినిమాలొచ్చాయి, సినిమాకు అయిదారు పాటలు. చక్రవర్తి ఒక్కరే వందల చిత్రాలకు బాణీలు కట్టారు. వాటిలో మూడువంతులు సూత్రకారుడికే గుర్తులేవు. నలభై ఏళ్లు జల్లెడ పట్టగా మిగిలిన గింజల్ని, నిన్న కళ్లంలో కుప్పపోసిన ధాన్యంతో పోల్చడం ఈ ఏకారం చేసే గడుసుతనం.

పాటలు = పాటలనదగిన పాటలు. శబ్దం ఒకటే అయినా తాత్పర్యం మారింది కనుక ఇది లాటానుప్రాసం. పోతన ప్రహ్లాదుడి చేత చెప్పించిన సీసపద్యంలో ఉన్నదీ ఇదే అలంకారం. చేతులంటే చేతులు కావు, సార్థకమైన చేతులు. ఆ పద్యం బడిలో బట్టీ పట్టిన తరం కనుక సూత్రకారుడికి అలంకారం అప్రయత్నంగా వచ్చి పడింది.

అండీ = ఓ పక్క విస్తరివాడా! ఇది మర్యాద కోసం చేసిన సంబోధనగా కనిపిస్తుంది కాని, వినేవాడు ఒప్పేసుకున్నాడన్న భావం ఇందులోనే ఇమిడి ఉంది. ‘కదండీ’ అని పాఠాంతరం. అక్కడ ఒప్పుకోలు మరింత బలవంతం.

ఇప్పుడు ఇవీ = నేటివైన ఇవి కూడా. ‘ఇవీ’ అన్నప్పుడు ఎడమచెయ్యి గాల్లో ఈగను తోలినట్టు కదలాలని సంప్రదాయం.

పాటలేనా = పాటలు కావని భావం. ఇది ప్రశ్న కాదు, కాకువు. జవాబు చెప్పబోతే పెద్దవాళ్లకు కోపం వస్తుంది.

తాత్పర్యం. 1978 నుంచి 1990 దాకా ఉన్న పదేళ్లలో పుట్టి, జల్లెడలో నిలిచిన పాటలు మాత్రమే పాటలనీ, తక్కినవి శబ్దకాలుష్యమనీ సారాంశం.

ధ్వని. వాచ్యార్థంతో ఆగితే వ్యాఖ్యాత జీతం దండగ. పాట తలచుకోగానే పెద్దమనిషి కళ్ల ముందుకొచ్చేది పాట ఒక్కటే కాదు, అది దొరికిన తీరు. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి. రేడియోలో జనరంజని. తక్కిన రోజుల్లో క్యాసెట్టు. నచ్చిన పాటల పేర్లు తెల్లకాగితం మీద వరసగా రాసి, బజార్లో రికార్డింగ్ షాపు కుర్రాడి చేతికిచ్చి, ఖాళీ క్యాసెట్టులో నింపించుకోవాలి. అరవై నిమిషాల క్యాసెట్టుకు పక్కకు ముప్పై నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలైతే ఆరు పడతాయి. ఏడోది మూడు నిమిషాలకే టక్కున తెగుతుంది. ఆ తెగిన చోటే పాట అయిపోయిందని ఇప్పటికీ నమ్ముతున్న వాళ్లున్నారు. పూర్తి పాట విన్నరోజున ఎవరో తర్వాత చరణం కల్పించారని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. రీలు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పడం ఆనాటి యోగాభ్యాసాల్లో ఒకటి.

ఇన్ని పాట్లు పడి తెచ్చుకున్నదాన్ని మనిషి నూరుసార్లు వింటాడు. వేలు ఆనిస్తే కోటి పాటలు వచ్చిపడే చోట రెండోసారి వినడమే గగనం. సూత్రకారుడు పొగిడేది పాట తియ్యదనాన్ని అనుకుంటున్నాడు. అందులో సగం తన ఓపికను.

విశేషాంశం. ఇక్కడొక చిక్కు ఉంది. ‘అప్పుడు మనుషులు వాయించేవారు, ఇప్పుడంతా మిషన్లే’ అని కొన్ని ప్రతుల్లో మూలం కింద ఒక ప్రక్షిప్తం కనిపిస్తుంది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పదులకొద్దీ వయొలిన్లు ఒకేసారి మోగిన మాట నిజమే. కాని ప్రపంచం ఇవాళ ‘ఎనభైల శబ్దం’ అని గుర్తుపట్టేది అచ్చంగా మిషన్లనే. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ యంత్రం 1980లో వచ్చింది. తయారైనవి పన్నెండు వేలు, మూడేళ్లకే ఆపేశారు. యమహా డీఎక్స్-7 సింథసైజరు 1983లో వచ్చి లోకమంతా గంటల మోత మోగించింది. దాని లోపలి సూత్రం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టినది. ఫిల్ కాలిన్స్ 1981 పాటలో ఫెళ్లున మోగి చటుక్కున తెగే డ్రమ్ము చప్పుడు స్టూడియో పరికరాలతో చేసిన గారడీ. మన దగ్గర ఇళయరాజా బృందంలో కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్.

తెలుగు తెర కూడా ఆ రోజుల్లో మడికట్టుకుని కూర్చోలేదు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో 1983 డిసెంబరులో వస్తే, 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి శ్మశానంలో దయ్యాలతో కలిసి చిందేశారు. బాణీ చక్రవర్తిది. చాలా ఏళ్లు గడిచాక తెలుగు ముక్క రాని విదేశీయులు ఆ దృశ్యం నెట్‌లో చూసి ముందు నవ్వారు, తర్వాత మళ్లీ మళ్లీ చూశారు. కృష్ణ తీసిన తొలి తెలుగు 70 ఎంఎం చిత్రం ‘సింహాసనం’ రాజుల కథ. దానికి 1986లో సంగీతం చేసింది బొంబాయి డిస్కో బప్పీ లహిరి. కిరీటం పెట్టుకున్న కథకు డిస్కో బాణీలు కట్టించుకున్న కాలాన్ని స్వచ్ఛతకు ప్రమాణంగా చూపడం సాహసమే.

ఇంకో ఉదాహరణ బొంబాయిది. 1982లో చరణ్‌జీత్ సింగ్ అనే వాద్యకారుడు అప్పుడే వచ్చిన రోలాండ్ యంత్రాలు ముందు పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంలో రికార్డు చేశాడు. ఎవరూ కొనలేదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైతే, అమెరికాలో ఆసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టకముందే ఇది ఎలా వచ్చిందని విమర్శకులు ముక్కున వేలేసుకున్నారు. అప్పట్లో అది “ఇదీ పాటేనా?” పద్దులోనే పడి ఉండాలి.

పూర్వపక్షం. ‘సూత్రకారుడికి అప్పుడు ఇరవై ఏళ్లు, అందుకే ఆ పాటలు తీపి. ఇంతకు మించి ధ్వని లేదు’ అని ఆక్షేపణ. మనసులో బాగా నిలిచే జ్ఞాపకాలు ఎక్కువగా పదికీ ముప్పైకీ నడుమ వయసువని మనస్తత్వ శాస్త్రజ్ఞులూ అంటారు. సరే. అయితే అదే బంతిలో నాలుగు విస్తళ్ల అవతల కూర్చున్న ఇంజనీరింగు కుర్రాడు “నిజమే అంకుల్” అన్నాడు. వాడు 2003లో పుట్టాడు. వాడి సంగతేమిటి?

వాడు ఒంటరి కాదు. ఎనభైల అమెరికా పల్లెపట్టును అచ్చుగుద్దిన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సృష్టికర్తలు డఫర్ సోదరులు 1984లో పుట్టారు. ఆ దశాబ్దంలో సగం వాళ్లు పాలసీసాతో గడిపారు. ఎనభైల సింథసైజరు మోతతో ‘బ్లైండింగ్ లైట్స్’ పాడి, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో తొంభై వారాలు నిలబెట్టిన ది వీకెండ్ పుట్టింది 1990లో. ‘ఫ్యూచర్ నాస్టాల్జియా’ అని 2020లో ఆల్బమ్ చేసిన దువా లిపా 1995లో పుట్టింది. కేట్ బుష్ 1985 పాట ఒకటి ఆనాడు బ్రిటన్‌లో మూడో స్థానం దాటలేదు. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’లో వినిపించాక మొదటి స్థానానికి ఎక్కింది. ముప్పై ఏడేళ్లకు దాన్ని అక్కడికి మోసినవాళ్లలో ఎందరో అది పుట్టినప్పుడు పుట్టనివాళ్లు. మన దగ్గర ‘దేవత’లో గోదారి ఒడ్డున బిందెల వరసల నడుమ శోభన్‌బాబు, శ్రీదేవి ఆడిన పాటను 2019లో ‘గద్దలకొండ గణేష్’ కోసం మళ్లీ చేశారు. ‘జగదేకవీరుడు’ సరిగ్గా ముప్పై అయిదేళ్లకు, 2025 మే 9న, మళ్లీ థియేటర్లకు వచ్చింది.

సమాధానం. దీనికి వ్యాఖ్యాత కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు, కాళిదాసు చూసుకున్నాడు. శాకుంతలం అయిదో అంకంలో హంసపదిక పాట వినబడగానే దుష్యంతుడికి కారణం లేకుండా గుండె బరువెక్కుతుంది. సుఖంగా ఉన్నవాడు కూడా తియ్యని పాట విని దిగులు పడుతున్నాడంటే పూర్వజన్మ స్నేహాలేవో తెలియకుండానే తలపుకొస్తున్నాయన్నమాట అనుకుంటాడు. ఇంజనీరింగు కుర్రాడిదీ అదే స్థితి. కాకపోతే వాడి పూర్వజన్మ ఇంట్లోనే ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్, మరో పరిశోధకుడితో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరవై ఏళ్ల విద్యార్థులకు తమ కాలపు పాటలతోపాటు తమ తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలతోనూ గట్టి అనుబంధం ఉన్నట్టు తేలింది. అమ్మ వంట చేస్తూ కూనిరాగం తీసింది, నాన్న స్కూటరు తుడుస్తూ టేప్ రికార్డర్ పెట్టాడు. పిల్లవాడు విన్నాడు. ‘నాస్టాల్జియా’ మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఒక జబ్బు పేరుగా పుట్టించాడు. ఇప్పుడది వంశపారంపర్యమని తేలిందన్నమాట.

సిద్ధాంతం. నిఘంటువు లెక్కన ఎనభైలను తెరిచిన చిత్రం ‘శంకరాభరణం’, 1980 ఫిబ్రవరి 2. అందులో శంకరశాస్త్రి బాధ ఏమిటి? సంప్రదాయ సంగీతాన్ని జనం మరచిపోతున్నారనీ, పాశ్చాత్య కేకలు పెరిగాయనీ. అర్ధరాత్రి వీధిలో పాప్ పాటలు పాడే కుర్రకారును ఆయన నిలబెట్టి బుద్ధి చెబుతాడు. అంటే ఎనభైలు తమ గడప మీద కాలు పెట్టడమే “ఇప్పుడివీ పాటలేనా?” అంటూ పెట్టాయి. పైగా శాస్త్రిగారి పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్న బాలు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవారు కాదు. ఘంటసాలను మరిచిపోలేని ఇళ్లలో మూలపాఠం ‘ఘంటసాల పాటలే పాటలండీ’ అని ఉండేది. కాబట్టి మూలంలో ‘ఎనభైల’ అన్న పదం స్థిరం కాదు, ఖాళీ గడి. తక్కిన నాలుగు పదాలే అసలు పాఠం. ఇంజనీరింగు కుర్రాడు 2050 ప్రాంతంలో ఏ పెళ్లి పందిట్లోనో ఆ గడిలో తన దశాబ్దాన్ని పూరిస్తాడు. అప్పుడు పక్క విస్తరివాడు “నిజమేనండీ” అనక తప్పదు.

విన్నపం. మూలప్రతుల సంగతి చెప్పి ముగించాలి. సినిమా పాటలకు ఢోకా లేదు, అన్నీ ఫోన్లో ఉన్నాయి. పోయేది అటక మీద అట్టపెట్టెలో ఉన్న ఇంటి క్యాసెట్లు. రేడియో ముందు మైకు పెట్టి ఎక్కించినవాటిలో పాట మధ్యలో కుక్కరు కూస్తుంది, అమ్మమ్మ ఎవరినో కేకేస్తుంది, తలుపు గొళ్లెం చప్పుడవుతుంది. అవి మరెక్కడా దొరకవు. టేపు మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. కాబట్టి పాఠకులు ఆ పెట్టె దించి, బూజు పట్టినవి వేరు చేసి, తక్కినవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టి, టేప్ రికార్డర్ హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలని మనవి. వీలైతే ఈ ఆదివారమే.