ఒక్క లైను కరువు

నేనొక నోటు పుస్తకాన్ని. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో బత్రా సినిమా దగ్గర, జిరాక్స్ మెషిన్ల చప్పుడు మధ్య ఓ చిన్న షాపులో కళ్లు తెరిచాను. 2011లో గుంటూరు జిల్లా నుంచి సివిల్స్ కోచింగ్‌కి వచ్చిన ఒకమ్మాయి నన్ను కొనుక్కుంది. మంచం, బల్ల పోగా నిలబడడానికి జానెడు చోటు మిగిలే గదిలో నా కాపురం మొదలైంది.

ఒక రాత్రి నాలో ఇలా రాసుకుంది: ‘బెంగాల్ కరువు, 1943. మృతులు సుమారు 30 లక్షలు.’ కింద కారణాలు. యుద్ధంలో బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోవడం, శత్రువుకు దక్కకూడదని ప్రభుత్వం పల్లెల పడవలు లాగేసుకోవడం, 1942 అక్టోబరు తుపాను, మండిపోయిన ధరలు. అంకె కింద ఎర్ర గీత కొట్టి, పేజీ తిప్పేసింది.

ప్రిలిమ్స్ అయ్యాక ఒకరోజు నన్ను సంచిలో వేసుకుని జీటీబీ నగర్‌లో మెట్రో ఎక్కింది. హౌజ్ ఖాస్ విలేజ్‌లో ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ వాళ్లు చిత్రకారుడు చిత్తప్రసాద్ బొమ్మలు పెట్టారు. ఆయన 1943 నవంబరులో బెంగాల్‌లోని మిడ్నాపూర్ జిల్లా అంతా తిరిగి, ఆకలితో పడి ఉన్నవాళ్లను నల్ల సిరాతో గీశాడు. ఎవరు, ఏ ఊరు అని అడిగి మరీ రాసుకున్నాడు. ఆ బొమ్మలతో వచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆయన ఇంట్లోవాళ్లు దాచుకున్న ఒక్క ప్రతే మిగిలింది. నేనూ కాగితాన్నే కదా, ఆ మాట వినగానే నా కుట్లు వణికాయి.

ఆయన లినోకట్‌లూ చేశాడు. లినోలియం పలకను చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దుతారు. చెక్కిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు. ఒక్క పలక నుంచి ఎన్నో ప్రతులు తీయొచ్చు. ఒకటి కాలినా ఇంకొకటి బతుకుతుంది.

ఒక బొమ్మ ముందు ఆమె ఆగిపోయింది. చర్మం కింద డొక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒక్కో డొక్కకు ఒక్కో కుంచె గీత. “డొక్కల కరువు” అంది మెల్లగా. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువుకు మనవాళ్లు పెట్టిన పేరది. చిన్నప్పుడు నాయనమ్మ నోట విన్న మాటకు అర్థం ఆమెకు అప్పుడు కళ్లెదుట కనిపించింది.

ఆ రాత్రే ఫోన్ చేసింది. “నాయనమ్మా, డొక్కల కరువులో మనవాళ్లు ఎవరెవరు పోయారు? పేర్లు తెలుసా?”

“పేర్లు ఎవరు రాసిపెట్టారే తల్లీ!” అంది ముసలావిడ.

గది ఖాళీ చేసేటప్పుడు మిగతా నోట్సన్నీ పాత పేపర్లవాడికి పోయాయి. నన్ను మాత్రం ఊరికి తీసుకెళ్లింది. ముప్పై లక్షల లైనుకు ఎదురు పేజీలో, పైన ‘డొక్కల కరువు, మన ఊరు’ అని రాసి ఉంది. దాని కింద వరస సంఖ్యలు వేసింది. వాటి పక్కన ఇప్పటికీ ఒక్క పేరూ లేదు.