గడ్డం గీసుకొనే పద్యానికి టీకా తాత్పర్యం

కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గాన్ని మంగలి కత్తి అంచుతో పోల్చింది. ఆ మార్గం ఎంత దుర్గమమో భాష్యకారులు విస్తరించి చెప్పారు గాని, ఉపమానమైన ఆ కత్తిని చెంప మీద ఏ వాటంగా ఆనించాలో చెప్పే పని పెట్టుకోలేదు. వారి దృష్టి మోక్షం మీద ఉంది కాబట్టి అది క్షమించదగిన లోపమే. అయితే మడత పిడిలోంచి తెరుచుకొనే ఆ నిడుపాటి కత్తితో తన గడ్డం తానే గీసుకోవాలని అద్దం ముందు నిలబడిన కొత్తవాడికి తక్షణం కావలసింది మోక్షం కాదు, కత్తి పట్టుకొనే తీరు. అతడి కోసమే ఈ వ్యాఖ్య. వ్యాఖ్యకు మూలం ఉండి తీరాలి గనుక, లోకరీతికి విరుద్ధంగా టీక ముందు నిశ్చయమై, దానికి తగిన ఆటవెలది ఆ తరువాత పుట్టింది.

తోలు బిగియబట్టి తొలుత వాలును జూచి
కత్తి వెన్ను కొంత గదియజేసి
బరువు మోపకుండ బైపైన గీయుము
నెత్తురొలుకనీక నేర్పుతోడ

ప్రతిపదార్థం: తొలుతన్ = మొదట; వాలును = వెంట్రుకలు పెరుగు దిక్కును; చూచి = కనిపెట్టి; తోలు = ముఖమందలి చర్మమును; బిగియన్ పట్టి = సడలకుండునట్లు లాగి పట్టి; కత్తి వెన్ను = అంచునకు ఎదుటనుండు మందపు భాగమును; కొంత = (దీనిని గూర్చి ముందు చెప్పబడును); కదియన్ చేసి = చర్మమునకు చేరువగా తెచ్చి; బరువు మోపకుండన్ = చేతి బలము కత్తిపై వేయక; పైపైనన్ = తేలికగా; నెత్తురు ఒలుకనీక = రక్తము కారనీయక; నేర్పుతోడన్ = నైపుణ్యముతో; గీయుము = క్షౌరము చేయుము.

తాత్పర్యం: వెంట్రుకల వాలు తెలిసికొని, చర్మమును బిగబట్టి, కత్తిని కొంచెము వాల్చి, దాని బరువుతోనే గడ్డము గీయవలెను. ఇంతే గదా అని తాత్పర్యంతో పుస్తకం మూసి కత్తి తెరిచినవాడు ఆ పూటకు దూదితో సరిపెట్టుకోవలసి వస్తుంది గనుక, విశేషాలు కూడా చదవాలి.

ఈ పద్యంలో అన్నిటికంటే పెద్ద దోషం క్రియాపదంలో ఉంది. మూలకారుడు ‘గీయుము’ అన్నాడు, ‘గీసికొనుము’ అనలేదు. తెలుగులో ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే చెందుతుంది. వండుట, వండుకొనుట అన్నచోట ఈ భేదం వల్ల ఎవరికీ గాయం కాదు. గీయుట, గీసికొనుట అన్నచోట అవుతుంది. ఇతరుల గడ్డం గీసే క్షురకుడు నిలబడి ఉంటాడు, ఎదుటి ముఖం కూర్చుని ఉంటుంది, దాని చుట్టూ తిరగవచ్చు, తలను కావలసిన వైపుకు తిప్పవచ్చు, అది మాట్లాడబోతే కసురుకోవచ్చు. గీసికొనేవాడికి ఇవేవీ లేవు. అతడే కర్త, అతడే కర్మ. అద్దంలోని బొమ్మకు కుడి ఎడమలు తారుమారవుతాయి, కుడిచేతితో ఎడమ చెంపను అందుకోబోతే తన మోచెయ్యే తన చూపుకు అడ్డం వస్తుంది, పోనీ కత్తిని ఎడమచేతికి మారుద్దామంటే ఆ చెయ్యి అన్నం ముద్ద కూడా కలిపి ఎరగదు. కొత్తవాడి కష్టాలన్నీ, ఒకటి రెండు తప్ప, ఈ ‘కొను’లోంచి పుట్టినవే. పారిస్‌లో కత్తులు చేసే వృత్తిలో ఉండిన జాఁ జాక్ పెరే ఈ సంగతి గుర్తించాడు. అతడు 1769లో ప్రకటించిన ‘పొగొనొతొమీ’ అనే గ్రంథం ఉపశీర్షికకు, తన గడ్డం తాను గీసుకోవడం నేర్చుకొనే కళ అని అర్థం. ఇక్కడి మూలకారుడు విడిచిన ‘కొను’ను అతడు ముఖపత్రం మీదనే వేయించాడన్నమాట.

‘తోలు బిగియబట్టి’ అని పద్యం ఎత్తుకోవడం మాత్రం మెచ్చదగింది. చర్మం వదులుగా ఉంటే కత్తికి ముందు చిన్న మడత లేస్తుంది, అంచు వెంట్రుకను వదిలి ఆ మడతలోకి దిగుతుంది. క్షురకుడికి ఇది ఎడమచేతి బొటనవేలి పని. గీసికొనేవాడు కుడి చెంప గీసేటప్పుడు ఎడమచేతిని నెత్తి మీదుగా తీసుకువచ్చి, కుడి చెవి ముందున్న చర్మాన్ని పైకి లాగి పట్టాలి. ఆ భంగిమను తలుపు సందులోంచి చూసిన ఇంటివారికి కూచిపూడి గుర్తుకు వస్తే వారి తప్పు లేదు. పై పెదవి గీసేటప్పుడు ముక్కు కొనను ఎత్తిపడతారు, గడ్డం గుండ్రన దగ్గర కింది పెదవిని పళ్ల మీదికి లాక్కుంటారు. నురగ అంటిన వేళ్లు జారిపోతాయి కనుక పట్టు దొరకవలసిన చోట తుడుచుకొని, తడి పటికముక్కకు వేళ్లు రాసి పట్టుకుంటే నిలుస్తాయి.

వాలు అంటే వెంట్రుకలు ఒరిగి ఉన్న దిక్కు. రెండు రోజులు పెరిగిన గడ్డాన్ని పొడి వేళ్లతో నిమిరితే ఏ వైపు నున్నగా పోతుందో అది వాలు, ఏ వైపు గరుకు తగులుతుందో అది ఎదురు. చెంపల మీద ఇది సామాన్యంగా కిందికే ఉంటుంది గాని మెడ మీద నియమం లేదు. కొందరికి పక్కకు, కొందరికి పైకి, కొందరికి సుడి తిరిగి ఉంటుంది. కొత్తవాడు మొదటి కొన్ని వారాలు వాలుగానే గీయాలి, అదీ చెంపల వరకే. మిగిలిన భాగాన్ని పాత అలవాటు ప్రకారం సేఫ్టీ రేజరుతో ముగిస్తే పరువు పోదు. ‘వా’, ‘పా’ అక్షరాలకు తలకట్టు అతికిందా లేదా అన్నంత మాత్రమే భేదం కనుక, దీనిని ‘తొలుత పాలును జూచి’ అని చదివేవారు బయలుదేరవచ్చు. పాలు అంటే వాటా. పల్లెల్లో నూర్పిళ్లప్పుడు క్షురకుడికి కొలిచే మేర గింజలు ముందు చూసుకొని పిమ్మట గీయమని కవి హృదయం అని వారు వాదిస్తారు. ఈ పాఠం వల్ల ఛందస్సుకు భంగం లేదు, లోకజ్ఞానానికి అసలే లేదు. అయినా తన గడ్డం తాను గీసుకొన్నవాడికి మేర కొలిచేవారు ఎవరూ ఉండరు గనుక అది అగ్రాహ్యం.

వ్యాకరణ విశేషం: ‘వాలును చూచి’ అన్నది ‘వాలును జూచి’ అయింది. ద్రుతం మీద పరుషాలు సరళాలవుతాయని బాలవ్యాకరణం చదివినవారికి తెలుసు. నకారానికి ద్రుతమని పేరు, క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. ఇక సంస్కృతంలో ద్రుతమంటే కరిగినది, పరుషమంటే బిరుసైనది అనే అర్థాలున్నాయి. క్షౌరానికి ముందు చేయవలసిన పనంతా ఈ సంధిలో ఇమిడి ఉంది. పొడి వెంట్రుక బిరుసుగా ఉంటుంది. వేడినీళ్లతో ముఖం తడిపి, బ్రష్షుతో సబ్బు నురగ చిక్కగా పట్టించి, రెండు మూడు నిమిషాలు నాననిస్తే నీరు పీల్చుకొని మెత్తబడుతుంది. ద్రుతం పడితే గాని పరుషం సరళం కాదు. పద్యంలో నీళ్ల మాటా సబ్బు మాటా ఎక్కడా లేవని ఆక్షేపించేవారు సంధి విడదీయకుండా చదివినవారని గ్రహించాలి.

ఇక ‘కొంత’. ఇంత ముఖ్యమైన చోట ఇంత నిర్లక్ష్యమైన మాట వేయడం కవులకే చెల్లింది. చర్మానికీ కత్తికీ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం ఉండాలని ఈ విద్య తెలిసినవారు చెబుతారు గాని, నురగ పూసుకొన్న చెంపకు కోణమానిని ఆనించి చూసుకోవడం సాధ్యం కాదు. అంతకంటే మంచి కొలత కత్తిలోనే ఉంది: కత్తిని చెంప మీద పూర్తిగా పడుకోబెట్టి, వెన్ను మందం ఎంతో అంతకు కొంచెం పైగా ఎడం వచ్చేవరకు వెన్నును ఎత్తితే కోణం దాదాపు కుదురుతుంది. షెఫీల్డు, సోలింగెన్ ఊళ్ల కత్తులలో వెడల్పును అంగుళపు ఎనిమిదో వంతులలో చెప్పడం ఆనవాయితీ; కొత్తవాడికి 5/8 గాని 6/8 గాని అనువైనది.

కోణం తప్పితే ఏమవుతుందో తెలుగు ధాతువులే చెబుతాయి. ‘గీయు’ అనే మాట గడ్డానికీ, కాగితం మీది గీతకూ, తాటి కల్లుకూ ఒకటే. కల్లు గీసేవాడు గెల కొనను పలచగా చెక్కుతాడే గాని నరకడు, మూడుచోట్లా సాధనం పై పొరను మాత్రమే తాకుతుంది. వెన్ను మరీ పడుకొంటే అంచు వెంట్రుకను తెంచలేక లాగుతుంది, అది పీకడం. వెన్ను ఎక్కువ లేస్తే అంచు చర్మాన్ని దోకుతుంది, అది గీకడం. ఆ పూట ఏమీ కనబడకపోయినా సాయంత్రానికి మెడ ఎర్రబడి మండుతుంది. పీకడానికీ గీకడానికీ నడుమ ఉన్న ఇరుకు చోటే గీయడం. ఇవి రెండూ కాక మూడో ప్రమాదం ఉంది: అంచు తన పొడవు వెంబడి పక్కకు జరిగితే అది కోయడం. వంకాయను కోసేవారు కత్తిని అదిమి ఊరుకోక ముందుకో వెనక్కో లాగుతారు. ముఖం మీద ఆ లాగుడు గింజంత జరిగినా గాటు పడుతుంది. కొత్తవాడి గాట్లు చాలావరకు గీసేటప్పటివి కావు. కత్తిని ఆనించేటప్పుడు, ఎత్తేటప్పుడు, చెవి తమ్మె పక్కనుంచి తిప్పేటప్పుడు పరధ్యానంగా జరిగిన కోతలు.

‘పైపైన’ అనే మాట ఇతర విద్యలలో నింద, ఇక్కడ మాత్రం యోగ్యత. కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు సేఫ్టీ రేజరు మీద పేటెంటు వచ్చిన 1904 నుంచి అంచుకు కాపలాగా ఒక కమ్మీ ఉండడం మగవారికి అలవాటైంది. కమ్మీ ఉంది గనుక చేతులు అదమడం నేర్చుకొన్నాయి. మంగలి కత్తికి ఆ కాపలా లేదు, అది అదమడాన్ని సహించదు. వేళ్లు మూడు కత్తి మెడ మీద, చిటికెనవేలు తోక మీద, బొటనవేలు కింద ఉండి కత్తిని మోయాలే గాని తొయ్యకూడదు. అంగుళం, అంగుళంన్నర మించని చిన్న చిన్న గీతలుగా సాగాలి. కోణమూ పదునూ కుదిరినప్పుడు నురగలోంచి సన్నగా సరసరమనే చప్పుడు వస్తుంది. క్షురకుడికి లేని లాభం గీసికొనేవాడికి ఒకటి ఇక్కడ దక్కుతుంది: కత్తి ఏ మాత్రం బరువైనా ఆ వార్త చెంప నుంచి చేతికి మరొకరి ముఖం ద్వారా కాక నేరుగా అందుతుంది. ‘కొను’ చేసిన మేలు ఇదొక్కటే.

పదును గురించి పద్యం పెదవి విప్పదు. మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకొన్న కొలాచల మల్లినాథ సూరి అయితే ఇక్కడ ఆగిపోయేవాడు. ఈ వ్యాఖ్య అంత నిష్ఠ గలది కాదు. ప్రతి క్షౌరానికీ ముందు కత్తిని తోలుపట్టీ మీద ఆడించాలి. నలభై యాభై సార్లు పోయి రావడం వాడుక. వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి, చివర తిప్పేటప్పుడు వెన్ను మీదనే దొర్లించాలి. అంచు మీద దొర్లిస్తే పట్టీ తెగుతుంది, కొత్తవాడి మొదటి పట్టీ తెగడానికే కొన్నది అనుకొని చవకది కొనడం వివేకం. తోలు కొత్త అంచును పుట్టించదు, ఉన్న అంచును సరిచేస్తుంది. అంచు మొద్దుబారితే సానరాయి పట్టవలసిందే. శంక: వెంట్రుక అంత మెత్తనిది ఉక్కును ఎలా చెడగొట్టగలదు? సమాధానం: అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఈ శంకనే తీసుకొని 2020 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో జవాబు ప్రకటించారు. బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే సుమారు 50 రెట్లు గట్టిది; అయినా వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేని చోట అంచు సూక్ష్మంగా పెచ్చు లేస్తుందని తేలింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కత్తిని నిందించేవాడిని చూసి లోకం నవ్వుతుంది. ఈ ఒక్క విద్యలో మాత్రం మద్దెల నిజంగానే ఓడై ఉండడం తరచు. కర్మాగారం నుంచి వచ్చిన కొత్త కత్తి చాలాసార్లు ముఖానికి సరిపడే పదును మీద ఉండదు. దానిని తెలిసినవారి చేత సాన పట్టించాలి. అలా పట్టేవారు మాత్రం దొరకడం కష్టమైంది. ఎయిడ్స్ భయం వ్యాపించాక ఇక్కడి క్షౌరశాలల్లో, కత్తిలాగే కనిపించే పిడిలో రెండంచుల బ్లేడును మధ్యకు విరిచి సగం దూర్చి, ఒక ముఖానికి వాడి పారేయడం స్థిరపడింది. ఆరోగ్యానికి అదే మంచిది. కాని గోడ మేకు మీంచి తోలుపట్టీ దిగిపోయింది, గీయించుకొంటూ చూసి నేర్చుకొనే వీలు దానితోపాటే పోయింది.

‘నెత్తురొలుకనీక’ అన్నాడు గాని నెత్తురు కనబడనీక అనలేదు. ఒలకడం అంటే నిండి పొర్లడం. కాబట్టి సూదిమొనంత చుక్కలు రెండు మూడు పొడచూపితే పద్యానికి విరోధం లేదు. పెద్దలు ఆయుష్కర్మ అని మంగళంగా పిలుచుకొన్న పనిలో ఈపాటి సడలింపు ఉండడం కొత్తవాడికి ఊరట. జారిన కత్తిని మాత్రం పట్టుకోబోకూడదు, నేల పాలు కానివ్వాలి. దాని అంచు విరిగితే సాన ఉంది. ముఖం చన్నీళ్లతో కడిగాక పటికముక్కను తడిపి అంతటా రాస్తే చర్మం బిగిసి చుక్కలు ఆగుతాయి, బరువు మోపిన చోటల్లా చురుక్కుమంటుంది. మూడో పాదానికి పటిక కంటే నిష్పక్షపాతమైన వ్యాఖ్యాత లేదు. ఆ చురుకు ఎడమ దవడ కింద ఎక్కువగా ఉంటే అక్కడ తోలు పట్టు సడలిందని అర్థం. మరునాడు అద్దం ముందు పద్యాన్ని మళ్లీ మొదటి మాట దగ్గర ఎత్తుకోవాలి.