మూత మూయకండి, డ్యూటీలో ఉంది

హైటెక్ సిటీలో ఏ ఆఫీసు లిఫ్టు దగ్గరైనా మధ్యాహ్నంపూట కాసేపు నిలబడి చూడండి. లాప్‌టాప్‌ను సగం మూసి, మూతకీ కీబోర్డుకీ మధ్య చూపుడువేలు ఇరికించి గబగబా నడిచే కుర్రకారు కనిపిస్తారు. వేలు నలుగుతుంది. అయినా తియ్యరు. మూత పూర్తిగా పడితే యంత్రం నిద్రపోతుంది, అది నిద్రపోతే వీపీఎన్ తెగుతుంది, తెగితే మళ్లీ పాస్‌వర్డు, ఫోనుకి ఓటీపీ, ఈలోగా మీటింగులో మన వంతు వచ్చి వెళ్లిపోతుంది.

ఈ వేలినొప్పికి మందు సెట్టింగుల్లోనే ఉంది. మూత మూస్తే ఏం చెయ్యాలని అది అడుగుతుంది, ‘ఏమీ చెయ్యొద్దు’ అని మనం ఎంచుకోవచ్చు. తీరా వెళ్లి చూస్తే ఆ గడి బూడిదరంగులో నొక్కుడుపడకుండా ఉంటుంది. పైన ఒక ముక్క: ‘ఈ సెట్టింగుల్లో కొన్నింటిని మీ సంస్థ నిర్వహిస్తోంది.’ నిజమే కదా. మన సెలవులు, భోజనవేళ, పుట్టినరోజు కేకు నిర్వహిస్తున్న సంస్థ మూతొక్కటీ మనకెందుకు వదిలేస్తుంది?

మూత పడగానే ఈ నిద్రపుచ్చడమంతా కరెంటు ఆదా కోసమే అంటారు. ఎంత ఆదానో చూద్దాం. మామూలు లాప్‌టాప్ బ్యాటరీలో పట్టేది సుమారు 50 వాట్ అవర్లు. ఇరవైసార్లు నిండా చార్జి చేస్తే ఒక యూనిట్. యూనిట్ పది రూపాయలనుకున్నా ఒక్కో చార్జి అర్ధరూపాయి, అంటే ఈ రోజుల్లో బిచ్చగాడు కూడా తిరిగిచ్చేసే డబ్బు. అదే గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ ఆగకుండా నడిస్తే గంటకి దాదాపు ఒకటిన్నర యూనిట్, ముప్పై లాప్‌టాప్‌ల కడుపు నింపేంత. కొత్త గది ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. మొదలవ్వడం వరకే నిబంధన, తర్వాత రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వారిదే రాజ్యం. కాబట్టి ఏసీని పద్దెనిమిదికి దించి, స్వెట్టర్ తొడుక్కుని, లాప్‌టాప్ తెర వెలుతురు రెండు గీతలు తగ్గించి, పర్యావరణం మీద స్లైడ్లు తయారు చేస్తున్నాం.

తెర వెలుతురు తగ్గించడం తప్పని కాదు. బ్యాటరీని తినేవాటిలో పెద్ద నోరు దానిదే. రైల్లో ప్లగ్గు పాడైనప్పుడు, ఊళ్లో గాలివానకి లైను పడిపోయినప్పుడు ఆ రెండు గీతలే అరగంట పని కాపాడతాయి. పొదుపు సెట్టింగుల అసలు ఉపయోగం అదీ: కరెంటు బిల్లు తగ్గించడానికి కాదు, కరెంటు లేని చోట గట్టెక్కడానికి. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో బాబాయిలు ఇచ్చే సలహా వేరు: ‘నల్లటి వాల్‌పేపర్ పెట్టండి, సగం కరెంటు ఆదా.’ ఓఎల్ఈడీ తెరలకి అది కొంత నిజం. మామూలు ఎల్‌సీడీ తెరలో బొమ్మ నల్లగా ఉన్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, తెర దానికి అడ్డం మాత్రమే పడుతుంది. స్క్రీన్ సేవర్ సంగతీ అంతే. పాత డబ్బా మానిటర్ల తెర మీద ఒకే బొమ్మ మచ్చగా అంటుకుపోకుండా కాపాడటానికి పుట్టిందది. అందులో చేపలు ఈదితే ఆదా అయ్యేది మన కాలక్షేపం తప్ప వాట్లు కావు.

పొదుపు తెలిసినవాళ్లు ఇళ్లల్లో ఉన్నారు. మా పక్కింటబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు. వాడు టిఫినుకి లేవగానే వాళ్లమ్మ గదిలోకి వెళ్లి ఫ్యాను కట్టేసి, లైటు ఆర్పి, లాప్‌టాప్ మూత మూసేసి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతుంది.

“అమ్మా, దాన్ని మూయొద్దని ఎన్నిసార్లు చెప్పాను!”

“నువ్వు ఎదురుగా లేనప్పుడు అదెవరి కోసంరా వెలగడం?”

ఈ ప్రశ్నకి వాడి దగ్గర జవాబుంది కానీ అమ్మకి చెప్పేది కాదు. అది వెలిగేది వాళ్ల మేనేజరు కోసం. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంటే మనిషి పనిలో ఉన్నట్టు. లాప్‌టాప్ కునుకు తీసిందంటే చుక్క పసుపుపచ్చ అవుతుంది, అంటే మనిషే కునుకు తీసినట్టు లెక్క. కాగితం మీద ఆలోచించినా, ఫోన్లో క్లయింటుతో గంటసేపు మాట్లాడినా చుక్క క్షమించదు.

అందుకని ఇప్పుడు పవర్ సెట్టింగుల పేరుతో జరిగే విద్యంతా యంత్రాన్ని నిద్రపోనివ్వకపోవడం గురించే. మౌస్‌ని ముల్లుగడియారం మీద పెడితే సెకన్ల ముల్లు కదలికకి బాణం వణుకుతుంటుందట. మౌస్‌ని కదిపే పరికరాలే ప్రత్యేకంగా అమ్ముతున్నారు. అటూ ఇటూ తలతిప్పే టేబుల్ ఫ్యానుకి మౌస్ కట్టిన ఘనులున్నారు. ఊరికే కూర్చుంటే పది వాట్లు తాగే లాప్‌టాప్ ఆ పదీ ఆదా చెయ్యకుండా ఆపడానికి యాభై వాట్ల ఫ్యాను! నిద్రపుచ్చడం నేర్పిన కంపెనీలు కూడా తెలివైనవే. మైక్రోసాఫ్ట్ తన పవర్‌టాయ్స్ పెట్టెలో నిద్ర రాకుండా చేసే ‘అవేక్’ అనే పనిముట్టు పెట్టింది. ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో అదే పనికి ఆదేశం పేరు ‘కెఫినేట్’. యంత్రాలకి కూడా కాఫీ పడితేగాని డ్యూటీ నడవదన్నమాట. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు మీద పని చేస్తున్నట్టు భ్రమ కల్పించారని పన్నెండుమందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. పని చేస్తున్నట్టు కనిపించడమే పని అని కొలబద్ద పెట్టి, కనిపించడంలో నైపుణ్యం సాధించినవాణ్ణి ఇంటికి పంపడం అన్యాయం. ప్రమోషన్ ఇవ్వాల్సింది.

ఇక యంత్రం వైపు న్యాయం చూద్దాం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అని ఒక ప్రమాణం రాశాయి. కంప్యూటర్ల నిద్రకి అది రాజ్యాంగం. అందులో ఎస్3 అంటే అసలైన నిద్ర: జ్ఞాపకాన్ని మాత్రం ఊపిరితో ఉంచి మిగతా అవయవాలన్నీ ఆపేస్తుంది. ఎస్4 హైబర్నేట్: ఆ జ్ఞాపకాన్నీ డిస్క్‌లో రాసిపెట్టి పూర్తిగా కళ్లు మూస్తుంది. ఈమధ్య వచ్చే చాలా లాప్‌టాప్‌లలో ఎస్3ని తీసేసి ‘మోడరన్ స్టాండ్‌బై’ పెట్టారు. తెర ఆరుతుంది కానీ లోపల వైఫై మేలుకుని ఉండొచ్చు, మెయిళ్లు దింపుకోవచ్చు, అప్‌డేట్లు చూసుకోవచ్చు. పధ్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళాదేవికి ఈ సౌకర్యం ఉంటే, గంటకోసారి లేచి దండకారణ్యం నుంచి మెసేజీ వచ్చిందేమోనని చూసుకునేది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు కానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు. నిద్ర నటించే లాప్‌టాప్‌తో ఇంకో చిక్కుంది, బ్యాగులో పెట్టి ఇంటికి తెచ్చేసరికి కాలిపోతూ ఉంటుంది. ఫ్యాను రొద. చార్జి సగం హారతి. సెలవు పెట్టి తిరుపతి క్యూలో నిలబడి కూడా ఆఫీసు మెసేజీలకి జవాబిస్తున్న ఉద్యోగి, ఆ బ్యాగులో యంత్రం ఒకే సెట్టింగు మీద నడుస్తున్నారు.

పోనీ హైబర్నేట్ చేద్దామంటే విండోస్‌లో అది మామూలుగా మెనూలో కనిపించదు. కంట్రోల్ ప్యానెల్లోకి దిగి, పవర్ బటన్ ఏం చెయ్యాలో చెప్పే పేజీకి చేరితే అక్కడ ఒక లింకు ఉంటుంది: ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చండి.’ ఏ తాలూకాఫీసు గుమాస్తా రాశాడోగాని చెయ్యి తిరిగినవాడే. పూర్తిగా షట్‌డౌన్ చేస్తే సరి అనుకుంటారేమో, 2012లో విండోస్ 8తో ‘ఫాస్ట్ స్టార్టప్’ వచ్చాక షట్‌డౌన్ కూడా సగం మూతే. లోపలి ముఖ్యభాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ అక్కణ్ణుంచే లేస్తుంది. నిజంగా అన్నీ మూసి కొత్తగా మొదలవ్వాలంటే నొక్కాల్సింది రీస్టార్ట్. ఐటీ హెల్ప్‌డెస్క్ కుర్రాడు ఏ రోగానికైనా “రీస్టార్ట్ చేశారా సార్?” అని అడిగేది అందుకే.

ఇంతకీ మన లాప్‌టాప్‌ని నిద్రపోనివ్వంది ఎవరో కనిపెట్టే ఉపాయం విండోస్‌లోనే ఉంది. నల్లటి కమాండ్ కిటికీ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ రిక్వెస్ట్స్’ అని కొడితే, ఫలానా ప్రోగ్రాము, ఫలానా డ్రైవరు అడ్డుపడుతున్నాయని పేర్లతో సహా చెబుతుంది. కాకపోతే ఆ కిటికీని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరవాలి. ఆ హోదా ఆఫీసు లాప్‌టాప్‌లో మనకుండదు, టికెట్ పెట్టాలి. టికెట్ పెడితే జవాబు ఏ రాత్రి రెండు గంటలకో వస్తుంది. అప్పుడు దాన్ని అందుకోవడానికి లాప్‌టాప్ ఎలాగూ బ్యాగులో మేలుకునే ఉంటుంది.