అంబాసిడర్ మావయ్య ఓడిపోడు

తనతో పందెం నడుస్తోందని ఎదుటివాడికి తెలియకపోవడమే అంబాసిడర్ మావయ్య గెలుపు రహస్యం. జాతీయ రహదారి మీద ఎవరో క్రెటాలో పోతూ, పిల్లాడికి వాంతి వస్తోందని పక్కకి ఆపుతాడు. మావయ్య హారన్ కొట్టుకుంటూ అతన్ని దాటిపోతాడు. సాయంత్రానికి కాశీబుగ్గ టీకొట్టులో వార్త సిద్ధం: "హరిపురం రాకముందే క్రెటాగాడ్ని కొట్టేసినాను!"

ఇలాంటాయన మా వైపు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఒకచోట యెజ్డీ మోటారుసైకిలాయన, ఇంకోచోట విల్లీస్ జీపాయన. మాకు దక్కింది ఈయన. జీడిపప్పు వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి, కారుని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. అడిగినవాళ్లూ లేరనుకోండి.

కాగితాల ప్రకారం అది 1967 నాటి మార్క్ 2. బండి ప్రకారం ఏ ఏటిదో చెప్పడం కష్టం. తలుపులు బరంపురం పాత ఇనుము కొట్టులోవి. ఇంజను, 1992 తరవాత కంపెనీవాళ్లే బిగించడం మొదలెట్టిన ఇసుజు 1817 సీసీది. దాంతో స్టీరింగు పక్కన ఉండాల్సిన గేరు రాడ్డు నేల మీద మొలిచింది. మరి 1967 నుంచీ మిగిలిందేమిటని షెడ్డు మేస్త్రీని అడిగితే కాసేపు ఆలోచించి, "డిక్కీ తాళం బాబూ. అది తెరుసుకోదు" అన్నాడు.

2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన బళ్లకి 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తామంది. కొత్తగా రిజిస్టరు చేయించుకోవడానికి 20,000 రూపాయలు. మావయ్య డబ్బు కూడా తీసి పెట్టాడు. తీరా చూస్తే చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదని షరతు.

"గుండెకి స్టంటేస్తే మనిషి మారిపోతాడేటి? ఆధార్ కార్డు లాగేసుకుంటారేటి?" అని మండిపడ్డాడు. ఆ నంబరు వచ్చినా రోజూ తిప్పకూడదు మావయ్యా, ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే బయటికి తియ్యాలంటే మాత్రం శాంతించాడు. "మన బండి ఎల్లేది మరెక్కడికిరా?"

ప్రయాణాలకి ఆయన జీడిపప్పు గ్రేడులే వేస్తాడు. ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరితే గుండు. మధ్యలో ఇంజను వేడెక్కి ఆగి, మళ్లీ తనంతట తనే కదిలితే బద్ద. ట్రాక్టరు వెనకాల తాడు కట్టించుకుని వస్తే ముక్క. ఉద్దానం రోడ్ల మీద ఈ మధ్య ముక్క సరుకే ఎక్కువ వస్తోందని నేను గమనించాను గానీ ఆయన దగ్గర అనలేదు. అంటే ఆ తరవాత తొయ్యడానికి పిలవడు; పిలవకపోతే మందస కోవా ఉండదు. ఇంజను చల్లారేదాకా దాన్ని పంచడం ఆయన పద్ధతి.

చరిత్రలో మాత్రం మావయ్యని కొట్టేవాడు లేడు. మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలంనాటి రన్‌వే మీద, ఒకప్పుడు ఫియట్లూ హెరాల్డులూ అంబాసిడర్లూ కార్ల పందేల్లో పరిగెత్తిన మాట నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని తన బండికి షోలవరం రక్తం ఉందంటాడు. ఏ భాగంలో ఉందో చెప్పడు. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. క్రెటా మన మార్కెట్టులోకి 2015 జూలైలో వచ్చింది. "సూసినావా? నాను తప్పుకున్నాకే దిగినాది. భయం!"

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల పందెం జరిగితే టీవీ ముందు కూర్చున్నాడు. కాసేపటికి లేచిపోయాడు. "సప్పుడు నేని రేసేటి? ఎవుడు ఎల్లిపోనాడో ఎవుడు ఆగిపోనాడో సెవులకి తెలాలి కదా!" ఆయన బండి విషయంలో ఆ రెండూ వీధి చివరిదాకా తెలుస్తాయి.

ఇక్కడే నాకు నవ్వు ఆగిపోతుంది. పాత కార్ల లోకంలో ఆయన తిక్కకి శాస్త్రం ఉంది. ఇటలీలో మిల్లే మిలియా అని, 1927 నుంచి 1957 దాకా ప్రాణాలు తీసిన రోడ్డు పందెం. 1977లో పాత కార్ల కోసం దాన్ని మళ్లీ మొదలెట్టినప్పుడు వేగం లెక్క తీసేశారు. చెప్పిన టైముకి చెప్పిన చోటికి చేరాలి. ఆలస్యంగా వస్తే ఎలాగూ తప్పే, ముందొచ్చినా తప్పే. ఈ సంగతి మావయ్యకి చెప్పడం నేను చేసిన సామాజిక ద్రోహం.

మొన్న సోంపేటలో పెళ్లి. అత్తయ్య ఎప్పట్లాగే ఆర్టీసీ బస్సెక్కి వెళ్లి, తాళి కట్టడం చూసి, అక్షింతలేసి, వియ్యపురాలితో చిన్న గొడవ కూడా ముగించింది. మావయ్య సరిగ్గా రెండో బంతికి విస్తళ్లు వేస్తుంటే దిగాడు, చేతులకి గ్రీజుతో.

"ముహూర్తం అయిపోనాది" అంది అత్తయ్య.

"ముందొస్తే పాయింట్లు కోసేస్తారే! భోజనాల టైముకి సెకను తేడా నేకుండా వచ్చినాను" అన్నాడు ఆయన.

అత్తయ్య తిరుగు ప్రయాణం కూడా బస్సులోనే చేసింది.

అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు ఆడితే చట్టం ఒప్పుకోదు. 2019 సవరణ తరవాత మొదటి తప్పుకే 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మావయ్య మీద ఆ కేసు నిలవదు. పందెం జరిగిందని రుజువు చెయ్యాలంటే ఆయన వేగం చూపించాలి.

కాబట్టి పలాస, టెక్కలి మధ్య మీ వెనకాల తెల్ల అంబాసిడర్ ఒకటి లైట్లు కొడుతూ కనిపిస్తే, మీరు పందెంలో ఉన్నారని గ్రహించండి. దయచేసి కాస్త ఆపి కొబ్బరి బొండం తాగండి. ఆయన వెళ్లిపోయాక బయల్దేరండి. ముందెక్కడో బోనెట్ ఎత్తి ఉంటే మాత్రం చూడనట్టు పోకండి. తాడు డిక్కీలో లేదు, వెనక సీటు కింద ఉంటుంది.